అమ్ముకి తెలియని ముల్లు

సాయంత్రం నాలుగున్నరకి మా అమ్ము గ్రౌండు నుంచి వచ్చింది. గుమ్మం దగ్గర ముళ్ళు విప్పి బూట్లు, మేజోళ్ళతో సహా ఒక్కసారిగా లాగి పడేసింది. గబగబా వంటింట్లోకి వెళ్ళి అరటిపండు తెచ్చుకుని నా పక్కన కూర్చుంది.

నేను బెండకాయలు తరుగుతున్నాను. తలెత్తి చూస్తే గచ్చు మీద ఎర్రటి బొట్లు కనిపించాయి. గుమ్మం నుంచి వంటింటి దాకా, అక్కడి నుంచి నా దాకా వరసగా ఉన్నాయి. దేవుడి దగ్గర కుంకుమ గానీ ఒలికిందా అనుకున్నాను. వేలితో ముట్టుకున్నాను. తడిగా ఉంది.

“ఓలమ్మో! ఏటే ఇది? నెత్తురే!”

“ఎక్కడ, నానమ్మా?” అంది అమ్ము నోట్లో అరటిపండుతోనే.

కాలు పట్టి తిప్పాను. కుడి అరికాలులో చిన్న కన్నం, దానిలోంచి నెత్తురు వస్తోంది. కన్నం పక్కనే బొటనవేలితో నొక్కాను. ఏ పిల్లైనా కెవ్వుమంటుంది కదా! అమ్ము అరటిపండు తింటూనే ఉంది.

“నొప్పి లేదేటే?”

“లేదు.”

కత్తిపీట పక్కకు తోసేశాను. నేను ముగ్గురు పిల్లల్ని పెంచాను. మోకాలు చీరుకుపోయిన వాళ్ళని చూశాను, తలుపు సందులో వేలు పడిన వాళ్ళని చూశాను. నెత్తురు కారుతూ ఉంటే ఏడవని పిల్లని మాత్రం ఎప్పుడూ చూడలేదు. నెత్తురు కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది అదే.

“ఇదిగో, మిమ్మల్నే! ఒకసారి ఇలా రండి!” అని కేకేశాను.

అమ్ము వాళ్ళ తాత గురునాథరావు పేపరు పట్టుకునే పరిగెత్తుకొచ్చారు. గుమ్మం దగ్గరి బూటు తీసి తిరగేశారు. అడుగున ఒక తుమ్మముల్లు దిగి ఉంది. లోపల వేలు పెట్టి చూసి, చటుక్కున వెనక్కి తీసుకున్నారు.

“గోరంత పొడుగు లోపలికొచ్చీసింది. దీని మీదే పరిగెత్తినావేటే అమ్మూ? ఎన్ని రౌండ్లు?”

“తెలీదు, తాతా. రెండేమో.”

ఆ మాట అంటుండగానే దాని మొహం మారిపోయింది. పాదంలో చీమలు పాకుతున్నట్టు ఉందంది. కాసేపటికి మంట అంది. ఆ తర్వాత చూడండి, కాలు రెండు చేతులతో పట్టుకుని చుట్టుపక్కల క్వార్టర్లకి వినిపించేలా అరిచింది. అప్పటిదాకా ఎక్కడికో పోయిన నొప్పి అంతా ఒకేసారి తిరిగొచ్చినట్టు ఉంది.

కాలు కడిగి, గుడ్డ కట్టి, దగ్గరకు తీసుకుని అడిగాను.

“నిజం చెప్పు. ఇంతకు ముందు కూడా ఇలగైందా?”

అమ్ము నెమ్మదిగా చెప్పింది.

“రోజూ అవుతుంది. రెండో రౌండులో ఝున్‌ఝునీ వస్తుంది. అంటే తిమ్మిరి. మూడో రౌండుకి పాదం ఉండదు.”

“పాదం ఉండకపోవడం ఏటే!”

“ఉంటుంది, నానమ్మా. ఉందని నాకు తెలీదంతే. నేల మీద గట్టిగా తంతే కొంచెం వస్తుంది.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“నెల.”

నెల రోజులట! రోజూ దానికి జడ వేసింది నేను. పాలు ఇచ్చింది నేను. నాకు ఒక్క ముక్క చెప్పలేదు.

“మీ కోచ్ మురళీధర్ సర్‌కి చెప్పినావా?”

“చెప్తే తీసేస్తారు కదా! దుర్గ్‌లో పరుగు పోటీకి మా స్కూల్ నుంచి ఒక్కరినే పంపుతారు. ఆదివారమే సెలెక్షన్. నేను కాకపోతే ఛాయ వెళ్ళిపోతుంది.”

వెంటనే ఆటోలో డాక్టర్ మణిమాల దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ గాయం శుభ్రం చేసి, సూది మందు ఇచ్చింది. తర్వాత అమ్ముని కళ్ళు మూసుకోమని, ఒక్కో వేలికి దూది తాకిస్తూ, “ఇప్పుడు ఏ వేలు? ఇప్పుడు?” అని అడిగింది. అమ్ము అన్నీ సరిగ్గానే చెప్పింది. అప్పుడు గానీ నాకు ఊపిరి ఆడలేదు.

“బూట్లు వేసుకుని చూపించు” అంది డాక్టరమ్మ.

అమ్ము బాగున్న కాలికి బూటు వేసుకుంది. ప్రతి కన్నం దగ్గరా లేసుని పళ్ళు బిగపట్టి లాగింది. మిగిలిన లేసుని చీలమండ చుట్టూ రెండు చుట్లు తిప్పి, రెండు ముళ్ళు వేసి, కొసలు లోపలికి దోపేసింది.

“ఎవరు నేర్పారమ్మా ఇలా కట్టడం?”

అమ్ము తాత వైపు చూసింది. ఆయన తల దించుకున్నారు.

ఆయన ఈ హిందీ ఊళ్ళోని స్టీల్ ప్లాంటులో ఇనుము కరిగించే కొలిమి దగ్గర ముప్పై నాలుగేళ్ళు పనిచేశారు. అక్కడ లేసు వేలాడితే దేనికో చిక్కుకుంటుంది. బూటు వదులుగా ఉంటే నిప్పురవ్వ లోపలికి పోతుంది. అందుకని వాళ్ళు అలా కట్టుకునేవారు. మనవరాలు పరుగుల్లో చేరిందని ముచ్చటపడి దానికీ అదే నేర్పారు.

“కొలిమి దగ్గర నిలబడడానికి అది సరిపోయిందేమో. పరిగెత్తేటప్పుడు పాదం ఉబ్బుతుంది కదండీ” అంది డాక్టరమ్మ. తర్వాత అమ్ము వైపు తిరిగింది. “పాదం నీకు కబుర్లు పంపుతూ ఉంటుంది. రాయి ఉంది, ముల్లు ఉంది అని. లేసు అలా నొక్కేస్తే కబురు దారిలోనే ఆగిపోతుంది. తిమ్మిరి మొదలవగానే ఆగాలి, వదులు చేసుకోవాలి, పెద్దవాళ్ళకి చెప్పాలి. వదులు చేసినా వస్తుంటే మళ్ళీ నా దగ్గరికి రావాలి. పది రోజులు పరుగు బంద్.”

అమ్ము ఏడుపు దిగమింగుకుంది. ఆదివారానికి నాలుగు రోజులే ఉన్నాయి.

ఇంటికొచ్చాక తాత మంచం మీద కూర్చుని ఎడమ కాలి చెప్పు విడిచారు.

“అమ్మూ, ఇక్కడ ముట్టుకో.”

అమ్ము బొటనవేలు పట్టుకుంది.

“నువ్వు ముట్టుకున్నట్టు నాకు తెలవదు. దాని పక్క వేలు కూడా అంతే. రిటైరవకముందు నుంచీ ఉంది.”

నేను కూరగిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నలభై ఆరేళ్ళ కాపురం మాది. ఒక చలికాలం ఆయన బొగ్గుల సిగిడీ దగ్గర చలి కాచుకుని లేస్తే, ఆ వేలు బొబ్బలెక్కింది. ఏమైందంటే బూటు కరిచిందన్నారు. నేను నమ్మి, కొబ్బరినూనె రాశాను!

“ఎందుకు చెప్పలేదండీ?”

“చెప్తే కొలిమి దగ్గర నుంచి తీసీసి, స్టోర్సులో కుర్చీ వేసి కూర్చోబెడతారని, నూకాలూ. మనవాళ్ళ ముందు నామోషీ కదా. మొదట్లోనే చెప్పి ఉంటే తగ్గిపోయేదేమో. ఎవరికి తెలుసు?”

నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. అమ్ము మాత్రం ఆ వేలు వదల్లేదు. ఒకసారి గిల్లి చూసింది. “ఇప్పుడు, తాతా?” అంది. ఆయన తల అడ్డంగా ఊపారు.

ఆదివారం పొద్దున్న సెలెక్షన్ చూడడానికి వెళ్తానని అమ్ము పట్టుబట్టింది. నేనే తీసుకెళ్ళాను. ఇద్దరం గ్రౌండు మెట్ల మీద కూర్చున్నాం. పిల్లలు వార్మప్ రౌండ్లు తిరిగి వచ్చి గీత దగ్గర నిలబడ్డారు. నలుగురు ఆడపిల్లలు, మధ్యలో ఛాయ.

అమ్ము ఉన్నట్టుండి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“నానమ్మా, బూట్లు చూడు.”

చూశాను. నాలుగు జతలకీ చీలమండ చుట్టూ రెండేసి చుట్లు.

“నేనే నేర్పాను. నేను గెలుస్తున్నానని అందరూ అడిగారు.”

అక్కడ ఛాయ కుడి కాలితో నేలని తంతోంది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ తంతోంది. అదెందుకో ఆ గ్రౌండులో అమ్ముకి తెలుసు, నాకు తెలుసు.

మురళీధర్ సర్ ఈల నోట్లో పెట్టుకున్నారు.

నేను ఏదైనా అనేలోపే అమ్ము లేచింది. మడమ పైకెత్తి కుంటుకుంటూ గ్రౌండులోకి దిగిపోయింది.

“సర్! రుకియే, సర్! ఆగండి!”

అందరూ తిరిగి చూశారు. సర్ మొహం ఎర్రబడింది. “క్యా హువా, అమ్ము? పక్కకి జరుగు!”

“సర్, నా కాలికి ముల్లు దిగినా నాకు తెలీలేదు. నెల నుంచీ పరిగెడితే పాదం మొద్దుబారిపోతోంది. మీకు చెప్పకుండా దాచాను. ఈ ముడి వల్లే, సర్. వీళ్ళకి నేనే నేర్పాను.” ఛాయ వైపు తిరిగింది. “ఛాయా, నీకు కూడా ఝున్‌ఝునీ వస్తోంది కదా?”

“నాకేం రావట్లేదు!” అంది ఛాయ కసిగా. “నువ్వు పరిగెత్తలేవు. అందుకే నన్ను ఆపుతున్నావు. జలన్ నీకు, కుళ్ళు!”

పక్కనున్న పిల్లలు కిసుక్కుమన్నారు. అమ్ము ఛాయ కాళ్ళ దగ్గరికి వెళ్ళింది. కింద కూర్చుంది.

“కళ్ళు మూసుకో. నేను ఏ కాలు నొక్కుతున్నానో చెప్పు. చెప్పేస్తే వెళ్ళిపోతాను.”

ఛాయ విసుగ్గా కళ్ళు మూసుకుంది. అమ్ము దాని కుడి బూటు ముందు భాగం రెండు చేతులతో పట్టుకుని, బలమంతా పెట్టి నొక్కింది. సర్ వంగి చూస్తున్నారు. మిగతా ముగ్గురూ చూస్తున్నారు.

“ఏటే? తొందరగా నొక్కు, మరి” అంది ఛాయ.

ఛాయ కళ్ళు తెరిచింది. తన బూటు మీద అమ్ము చేతులు చూసింది. పాపం, పిల్ల మొహం పాలిపోయింది.

సర్ ఈల జేబులో వేసుకుని, “అందరూ కూర్చోండి” అన్నారు మెల్లగా.

ముందు ఒకమ్మాయి, “సర్, నాకు కూడా కొంచెం...” అంది. తర్వాత ఇంకొకమ్మాయి చెప్పింది. అమ్ము అప్పటికే ఛాయ కాలు తన ఒళ్ళో పెట్టుకుని ముడి విప్పుతోంది.

“కదలకు. పైన ఒక వేలు దూరేంత ఖాళీ ఉంచుతాను.”

నలుగురి పాదాలూ చూసి, తిమ్మిరి పూర్తిగా పోయిందని నమ్మకం కుదిరాక గానీ సర్ ఈల ఊదలేదు. దాదాపు గంట ఆలస్యమైంది. ఛాయే ముందుంది. మూడో రౌండులో మా ముందు నుంచి వెళ్తుంటే, అమ్ము మెట్ల మీద లేచి నిలబడి అరిచింది.

“ఛాయా! నేల తెలుస్తోందా?”

“తెలుస్తోందే!” అని ఛాయ పరిగెడుతూనే కేకేసింది. “రాళ్ళు కూడా!”