నాన్న గెలిచిన ఆటలు

పొద్దున కాఫీలు కాగానే ఆ ఇంట్లో మొదటి పని నాన్నను టీవీ ముందు కూర్చోబెట్టడం. తల్లి ఆయన వీపు వెనక దిండు సర్ది, పడిపోయిన కుడిచేతిని ఒళ్ళోకి తెచ్చి, రెండు చేతుల మధ్య జాయ్‌స్టిక్ ఇరికించింది. టీవీ కింద అరచేతంత పెట్టె ఉంది. పాతకాలపు వీడియో గేముల మిషన్లు ఎలా పనిచేసేవో అచ్చం అలాగే పనిచేసే పెట్టె. అందులోని ఆటలన్నిటినీ బొమ్మలతో వరసగా చూపించి, కావలసినదాన్ని ఒక్క నొక్కుతో మొదలుపెట్టే ప్రోగ్రాం కూతురు రాసింది. ముప్ఫై ఏళ్ళు వీడియో గేముల పార్లర్ నడిపిన మనిషికి పక్షవాతం వస్తే ఇంతకు మించిన మందు ఏముంటుందని ఆమె నమ్మకం. వేళ్ళు కదిలితే చాలు, ఎవర్ని కాల్చినా పరవాలేదు.

"కానివ్వండి, నిన్నటి స్కోరు దాటాలి ఇవాళ," అంది తల్లి, పక్కనే కుర్చీ లాక్కుని.

తెరమీద ఆటలోని ఓడ రాళ్ళను తప్పించుకుంటూ శత్రువులను వరసపెట్టి కూల్చింది. తల్లి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో ఉన్న కూతురు గడియారం వైపు చూసింది.

"అమ్మా, ఫిజియోథెరపీ అతను ఇంకా రాలేదేం?"

"అతన్ని మాన్పించేసి నెల కావస్తోంది."

"మాన్పించావా? ఎవర్నడిగి?"

"ఎవర్నడగాలే? అతను వేళ్ళు విరుస్తుంటే మీ నాన్న కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఇక్కడ చూస్తే రోజూ గెలుస్తున్నారాయె! చెయ్యి బాగుపడుతోందని కళ్ళకు కనబడుతుంటే ఇంకా ఆ హింస ఎందుకు?"

కూతురు టీవీ ముందుకు వచ్చింది.

"అమ్మా... నాన్న ఆడట్లేదు."

"పొద్దున్నే ఏం మాటలే అవి?"

కూతురు తండ్రి చేతుల్లోంచి జాయ్‌స్టిక్ తీసి తల్లి ఒళ్ళో పెట్టింది. ఎవరూ ఏ బటనూ నొక్కలేదు. తెరమీద ఓడ తన దారిన తాను వెళుతూ ఇంకో ఇద్దరు శత్రువులను కూల్చింది. స్కోరు పెరిగింది. తల్లి ఒళ్ళోకి చూసుకుంది, టీవీని చూసింది, చివరికి కూతురి మొహం చూసింది.

"మొదట్లో ప్రతిసారీ ఓడిపోతుంటే నాన్న మొహం చూడలేకపోయానమ్మా. బటన్ నొక్కకపోతే, నేను ముందే ఆడి దాచిపెట్టిన ఆట నడిచేట్టు రాశాను. ఒక్కరోజుకే అనుకున్నా. ఆ సాయంత్రం నువ్వు ఫోన్లో అందరికీ చెప్పుకుని మురిసిపోతుంటే, తీసేయడానికి చేతులు రాలేదు."

"సిగ్గు లేదుటే నీకు? ఆయన్ని బొమ్మలా కూర్చోబెట్టి, పక్కన నాచేత చప్పట్లు కొట్టిస్తావా?"

"మాన్పించే ముందు నన్నొక్క మాట అడిగుంటే..."

"నువ్వొక్క మాట చెప్పుంటే!"

"నాకు... తెలుసు," అన్నాడు తండ్రి.

పక్షవాతం వచ్చాక ఆయన మాట ముద్దగా, ఆగి ఆగి వస్తుంది. ఇద్దరూ ఆయన వైపు తిరిగారు.

"చెయ్యి... ఆడట్లేదని. ఎంతమంది పిల్లల చేతులు... చూశాను. నాకు తెలీదూ?"

"మరి చెప్పరేమండీ!"

"నువ్వు పక్కన... నవ్వుతూ కూర్చున్నావు." ఆయన కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "అతను రాకపోతే... నొప్పీ లేదు. హాయిగా ఉంది."

ఆమె నవ్వింది ఆయన కోసం, ఆయన ఊరుకున్నది ఆమె నవ్వు కోసం. ఈ ప్రేమలన్నీ కలిసి ఒక చేతిని ఎండబెట్టాయి.

ఫోన్ చేస్తే ఫిజియోథెరపీ అతను మధ్యాహ్నానికి వచ్చాడు. పిడికిలి విప్పడానికి చాలాసేపు ప్రయత్నించాడు. చివరి రెండు వేళ్ళు బిగుసుకుపోయాయి.

"ఈ నెల వృథా కాకుండా ఉండాల్సింది. ఈ రెండూ మళ్ళీ విచ్చుకుంటాయని మాటివ్వలేను. మిగతా వాటిని చూద్దాం," అన్నాడు. అతను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

కూతురు కంప్యూటర్ తెరిచి, ప్రోగ్రాంలో ఆట దానంతట అదే నడిచే భాగాన్ని తీసేసింది. పెట్టెలోకి కొత్తది ఎక్కించి, జాయ్‌స్టిక్ మళ్ళీ తండ్రి చేతుల మధ్య పెట్టి ఆయన ముందు కూర్చుంది.

"మొదలుపెట్టనా నాన్నా?"

ఆయన తలూపాడు.

ఓడ కదలకుండా నిలబడింది. మొదటి రాయి తగిలి పగిలిపోయింది. కూతురు మళ్ళీ పెట్టింది. మళ్ళీ అంతే. తండ్రి మెడంతా చెమట పట్టింది, పళ్ళు బిగించాడు. తల్లికి లేచి లోపలికి వెళ్ళిపోవాలనిపించింది. కానీ వెళ్ళలేదు, ఆయన మోచేయి కింద తన చెయ్యి ఆనించి పట్టుకుంది.

ఎన్నోసారో, బొటనవేలు కదిలింది. ఒక్క గుండు పేలి, దేనికీ తగలకుండా పైకి పోయింది. ఆ వెంటనే ఓడ ముక్కలైంది. స్కోరు సున్నా.

"ఇది..." అన్నాడు తండ్రి, రొప్పుతూ. "ఇది నేనే."

కూతురు ఆయన మోకాళ్ళ మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తల్లి రెండో చేత్తో కూతురి జుట్టు సవరించింది.

"ఏడ్చింది చాలు, లే," అంది. "మళ్ళీ పెట్టవే."