చిప్పకు కట్టిన తాడు

ఆళ్ళగడ్డ నుంచి బొగ్గుతో నడిచే బస్సులో వచ్చిన మణెమ్మ, నంద్యాలలో ప్రైవేటు డిటెక్టివు రంగనాథం గదిలో కూర్చుంది. అది 1942 వేసవి. జపాను దాడికి భయపడి రంగూన్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకొచ్చిన వాళ్ళ కథలు విని విని జనం మొద్దుబారిపోయి ఉన్నారు. సహాయకుడు సంజీవయ్య మంచినీళ్ళిస్తే ఆమె గ్లాసు వైపే చూస్తూ ఉండిపోయింది.

"నా కొడుకు జాన్ రంగూన్ నుంచి వస్తా ఓడలోనే పానం ఇడిసినాడు సామీ. జతగాడు ఇమ్మానుయేలు ఒక్కడే వచ్చినాడు. దిక్కులేనోడని నా ఇంట్లోనే పెట్టుకున్నా. ఓడెక్కిన ఎనిమిదోనాడు జాన్ జ్వరంతో పోయినాడంటాడు. శవం దక్కకపోయినా సమాధి రాయి పెట్టి తేదీ చెక్కించల్ల. కానీ ఈ ఇమ్మానుయేలు దినామూ నీళ్ళు సగం తాగి సగం నేలమీద పోస్తాండాడు. చూస్తాంటే భయమైతాంది. నా కొడుక్కి ఏమైందో నాకు నిజం కావల్ల."

మర్నాడే గురుశిష్యులిద్దరూ ఆళ్ళగడ్డ చేరారు. ఇమ్మానుయేలు వసారాలో పత్తి సంచి మూతి కడుతున్నాడు. పాతికేళ్ళవాడు. నేల మీదకొచ్చి రెండు నెలలైనా, ఊగే పలక మీద నిలబడ్డట్టు కాళ్ళు ఎడంగా పెట్టుకుని ఉన్నాడు.

"ఓడ ఎప్పుడు కదిలింది?" అన్నాడు రంగనాథం.

"ఫిబ్రవరి ఇరవై. స్టీమర్లు దొరకలే. తెరచాపల సరుకు ఓడ. పదోనాడు గాలి పడిపాయ. ఒడ్డుకు చేరేతలికి ముప్పై రెండు దినాలు."

"నీళ్ళు?"

"ఓడ నడిపే తండేలు పోసేటోడు. దినానికి ఒక టెంకాయ చిప్ప. ఎవరి చిప్ప వాళ్ళది. పోసినాక ఆయన ముందరనే చిప్ప తాడుకు ఒక ముడి వేయల్ల. ముడి పడినాక ఆ దినం మళ్ళా పోయడు."

"లేవలేనివాళ్ళకో?"

"జతోళ్ళు వాళ్ళ చిప్ప తీసకపోయి, ముడేసి తెచ్చిచ్చేది."

"చనిపోతే?"

"తండేలే వచ్చి చూసి, గుడ్డలో చుట్టి సముద్రంలో వదిలేది."

అన్ని జవాబులూ ఎత్తుపల్లాలు లేని ఒకే గొంతుతో వచ్చాయి. ఇమ్మానుయేలు ఎడమచేత్తో ఆఖరి ముడి బిగించి సంచి పక్కకు జరిపాడు.

ఇంటి లోపల గూట్లో జాన్ చిప్ప ఉంది. గుర్తుగా ఉంటుందని ఇమ్మానుయేలే తెచ్చి మణెమ్మకిచ్చాడు. రంగనాథం దాని తాడును వేళ్ళతో తడిమి రెండుసార్లు లెక్కపెట్టాడు. సంజీవయ్యా లెక్కపెట్టాడు గానీ, గురువుగారు చెప్పేదాకా బుర్ర వెలగకపోవడం అతనికి అలవాటే.

ఆ సాయంత్రం రాళ్ళు చెక్కే గంగయ్యను కూడా పిలిపించి అందరినీ వసారాలో కూర్చోబెట్టారు.

"తేదీ చెప్తే చెక్కుతా సామీ," అన్నాడు గంగయ్య.

రంగనాథం తాడు పైకెత్తాడు. "ఎనిమిదోనాడు పోయాడని ఇతని మాట. దీనికి ఇరవై ఆరు ముడులున్నాయి. పోయినవాడికి తండేలు నీళ్ళు పోయడు. అంటే జాన్ ఇరవై ఆరో రోజు దాకా బతికే ఉన్నాడు. మొదటి తొమ్మిదీ కుడిచేతి ముడులు. తక్కిన పదిహేడూ ఎడమచేతివి. ఆ పత్తి సంచి ముడితో పోల్చి చూడండి. పదోనాడు గాలి పడిపోయింది, జాన్ కూడా పడకేశాడు. అప్పట్నుంచీ అతని నీళ్ళు తెచ్చింది ఇమ్మానుయేలు. ఎనిమిదోనాడే, దాహం మొదలవకముందే పోయాడంటే ఆ నీళ్ళ సంగతి ఎవరూ అడగరు. అవి ఎవరి గొంతులోకి వెళ్ళాయో తాడు చెప్పదు. ఇతనే చెప్పాలి."

ఇమ్మానుయేలు తలెత్తలేదు. "జ్వరం నిజమే. మొదట అంతా ఇచ్చినా. మళ్ళ సగం ఇచ్చినా. కడాకు ఆ సగమూ నేనే తాగినా. నీళ్ళు, నీళ్ళు అనేటోడు. తండేలు పోయలేదని చెప్పినా. నమ్మినాడు."

"ఆ చిప్ప సముద్రంలో పారేసుంటే ఎవరికీ తెలిసేది కాదు గదా," అన్నాడు సంజీవయ్య.

"పారేసేకి చేతులు రాలే."

సంజీవయ్యకు ఒళ్ళు మండింది, ఆ వెంటనే జాలి వేసింది. రెండూ ఎక్కువసేపు నిలవలేదు. మణెమ్మ కళ్ళలో తడి కూడా లేదు.

"ఇరవై ఆరో దినం ఏ తేదీ సామీ?"

"మార్చి పదిహేడమ్మా."

గంగయ్య బొగ్గుతో గోడ మీద రాసుకున్నాడు. మణెమ్మ లేచి కుండలోంచి నిండుగా గ్లాసు ముంచి ఇమ్మానుయేలుకిచ్చింది. అతను అలవాటు చొప్పున సగం తాగి వాకిలి వైపు తిరిగాడు.

"ఆడ పోయొద్దు," అంది. "అది నా కొడుకుది. నాకియ్యి."

అతను గ్లాసు ఇచ్చాడు. ఆమె గోడకానుకుని కూర్చుని ఆ సగం నీళ్ళూ తాగింది.