బంపర్ కింద ఇద్దరు

"ఇది బిగించడమంటారా, వేలాడదీయడమంటారా?"

పశువుల డాక్టరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది. ఆమె జీపుకు వెనకాల కొత్తగా తగిలించిన ఇనుప బంపర్ ఎడమ వైపు బుద్ధిగానే నిలబడింది. కుడి వైపు మాత్రం అలిగిన పిల్లలా మూతి కిందికి వేలాడేసుకుంది.

మెకానిక్ కుర్రాడు తల గోక్కున్నాడు. అల్లాటప్పా బంపర్ కాదది. షెడ్డులో దాన్ని దించినప్పుడు నేల అదిరి, పక్క వీధిలో కునుకు తీస్తున్న ముసలి తాత లేచి "తలుపు తీసే ఉంది, రండి" అన్నాడట. నమ్మకపోతే ఆయన్నే అడగండి.

బోల్టులన్నీ ముందు చేత్తో వదులుగా ఎక్కించాలి. జాకీతో బంపర్‌ను సమానం చేసుకోవాలి. ఆ తర్వాతే స్పానర్ పట్టాలి. నిద్రలో లేపి అడిగినా కుర్రాడు ఈ వరస తప్పకుండా చెబుతాడు. కానీ ఇవాళ ఆమె ఎదురుగా నిలబడి జుట్టు ముడి వేసుకుంటోంది. ఆ మైకంలో అతను ఎడమ వైపు బోల్టులు చచ్చేంత బిగించేసి, జాకీ కూడా లాగేశాడు. ఇక కుడి వైపు రంధ్రాలు కలవమంటే ఎలా కలుస్తాయి?

"రేపు పొద్దున్నే కొండ అవతల పశువుల ఆసుపత్రిలో కొత్త ఉద్యోగంలో చేరాలి నేను. మళ్లీ ఇటు వచ్చే పనే ఉండదు" అంది ఆమె.

కుర్రాడి గుండె జారి స్పానర్ల డబ్బాలో పడింది. ఎన్నాళ్లుగానో గొంతులో అట్టే పెట్టుకున్న మాట ఈ పూట చెప్పకపోతే అక్కడే తుప్పు పట్టిపోతుంది.

"ఎడమ వైపు వదులు చేస్తే సరిపోతుందండీ. కుడి వైపు కాస్త ఎత్తి పట్టుకుంటారా?"

"ఎద్దుల్నే పట్టుకున్నదాన్ని, నీ బంపరొక లెక్కా!"

ఇద్దరూ జీపు కింద దూరారు. ఆమె భుజం ఆనించింది. అతను విప్పుతుండగా ఆఖరి బోల్టు టక్కున ఊడి, బరువంతా ఇద్దరి మీదా పడింది. స్పానర్ ఎటో దొర్లిపోయింది. జాకీ మూలన నిక్షేపంగా కూర్చుంది.

"జాకీ అందుకోవయ్యా!"

"వదిలితే మీ మీద పడుతుందండీ."

"నేను వదిలితే?"

"నా మీద."

"అయితే ఇక్కడే కాపురం పెడదామా?"

"నాకిష్టమేనండీ!"

గ్రీజు బొట్టు ఒకటి ఆమె ముక్కు మీద పడింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"ఏమన్నావ్?"

"పెళ్లి చేసుకుందామంటున్నాను. ఆ ఎడమ వైపు ముందే బిగించేసింది కూడా మిమ్మల్ని చూస్తూనే."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "మరి పాత బంపర్‌ను నేను బండరాయికి ఎందుకు కొట్టాననుకున్నావ్? రివర్స్ చేస్తూ మీ షెడ్డు వైపు చూశాను!"

అప్పుడే ఆమె తండ్రి లోపలికి వచ్చాడు. బస్సు నడిపి నడిపి జుట్టు నెరిసిన మనిషి. జీపు కింద నుంచి రెండు జతల కాళ్లు కనిపించాయి.

"అమ్మాయ్, ఏమిటక్కడ?"

"బంపర్ బిగిస్తున్నాం నాన్నా!"

"దానికంత నవ్వెందుకు?"

"ముందు జాకీ పెట్టండి మామయ్యగారూ!" అన్నాడు కుర్రాడు, భుజం నొప్పిలో నాలుక్కి కళ్లెం లేక.

జాకీ మీద పెద్దాయన చెయ్యి ఆగిపోయింది.

"మామయ్యనా? ఎప్పటినుంచి బాబూ?"

"ఇందాకటి నుంచండీ."

"ఇష్టమే నాన్నా, భుజం విరిగేలోగా పెట్టు!" అని కూతురు అరిచింది.

పెద్దాయన జాకీ పెట్టి, ఇద్దరినీ బయటికి లాగాడు.

"బరువు కింద ఒప్పుకున్నది చెల్లదు. ఇప్పుడు చెప్పు తల్లీ."

ఆమె ముక్కు తుడుచుకుంది. గ్రీజు చెంపంతా పాకింది.

"అదే మాట నాన్నా."

ఆయన కుర్రాణ్ణి ఎగాదిగా చూసి, కింద పడ్డ స్పానర్ తీసి చేతికిచ్చాడు. ఈసారి బోల్టులన్నీ వరస తప్పకుండా ఎక్కాయి. బంపర్ రెండు వైపులా సమానంగా నిలబడింది.

"వారం తిరిగాక ఓసారి తీసుకురండి, మళ్లీ బిగించాలి" అన్నాడు కుర్రాడు.

"ఆ తర్వాత?" అంది ఆమె.

"ప్రతి వారం తేవాలి. పెళ్లయ్యేదాకా."

"ఇన్నేళ్లు బండ్లు నడిపాను. వారం వారం బోల్టులు బిగించే బండి ఎక్కడా చూడలేదు" అన్నాడు పెద్దాయన.

"ఇది కొండలెక్కే బండి నాన్నా, నీకు తెలీదు" అంటూ ఆమె జీపెక్కి, ఈసారి అద్దంలో కుర్రాణ్ణే చూస్తూ, రాయికీ గోడకీ తగలకుండా రివర్స్ చేసింది.