ఎనిమిదో స్వరం

అబ్రహాము శవం బందరు కాలువలో దొరికిన నాలుగో రోజున, వన్ టౌన్‌లో ఒక స్టీలు సామాన్ల గోడౌన్ వెనక గదిలో ఏజెంట్ ముస్తాక్ పళ్ళు నూరుతూ కూర్చున్నాడు. కాలు జారి పడ్డాడని డిపార్ట్‌మెంటే కాగితాల్లో రాయించింది. పియానో వాయించే ఏజెంటుకు పది వేళ్ళూ విరిగి ఉంటే, కాలు జారడమట!

"కోపం తర్వాత పడుదువుగాని, ముందు ఇది చూడు," అంది చీఫ్ రామతులసి. అబ్రహాము బూటులో దొరికిన కాగితం అది. ఎనిమిది స్వరాలు రాసి ఉన్నాయి, అంతే.

"ఇదే తాళంచెవి. బ్యారేజీ చీఫ్ ఇంజనీర్ తిరుపతిరావు గారి సెక్యూర్ ఫోన్‌తో వరద గేట్లన్నీ ఒకేసారి ఎత్తొచ్చు. బయట నుంచి హ్యాక్ చేయడం కుదరదు. అందుకని విదేశీ ముఠా వాళ్ళు సర్వీసింగ్‌లో లోపల ఓ సాఫ్ట్‌వేర్ పెట్టారు. ఈ స్వరాలు వరసగా వినిపిస్తే అది పని మొదలెడుతుంది. రేపు కంకిపాడు విందులో వినిపిస్తారు."

"ఫోన్ తీసేసుకుంటే పోయేదానికి?"

"తీసుకుంటే వాయించే మనిషి దొరకడు."

ముస్తాక్‌కు ఒళ్ళు మండింది. కృష్ణ నిండుగా పారుతోంది. గేట్లు లేస్తే కింద లంక ఊళ్ళు మిగలవు. అబ్రహాము తల్లి శౌరమ్మ ఉండేది ఆ లంకల్లోనే. "అంటే లంకల్ని ఎర వేస్తున్నారన్నమాట," అన్నాడు.

రామతులసి చూపు తిప్పుకుంది. "నీ శాక్సోఫోన్ రీడ్‌లో జామర్ పెట్టించాను. ఊదితే చాలు, ఆ ఫోన్ మైక్ చచ్చిపోతుంది. సింగర్‌గా మన భానుశ్రీ ఉంటుంది. మనిషి దొరకగానే 'ఉలవచారు చల్లారింది' అను."

మర్నాడు మిట్టమధ్యాహ్నం కంకిపాడులో, రొయ్యల ఎగుమతిదారు హర్షవర్ధన్ గారి కూతురి నిశ్చితార్థం. "సినిమాల్లో పెద్దవాళ్ళ పార్టీల్లో వెనకాల మెత్తగా వినిపిస్తుందే, అది కావాలి," అన్నాడాయన. దాన్ని కాక్‌టెయిల్ జాజ్ అంటారని ఎవరో చెప్పారు. అందుకే ఆ ఉక్కపోతలో నల్ల సూటు, మెడకు బో టై కట్టుకుని ముస్తాక్ స్టేజీ మీద నిలబడ్డాడు. ఎదురుగా నాలుగు వందల మంది గోంగూర మటన్ తింటున్నారు. ఒక్కడంటే ఒక్కడు వినడం లేదు.

"దీన్ని ఎవడూ వినడురా. ఏదన్నా దాచాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు," అనేవాడు అబ్రహాము.

హాలు మూలన జంపఖానా మీద అంకయ్య సన్నాయి మేళం కూర్చుంది. 'క్లాసు పాడవుతుందని' హర్షవర్ధన్ వాళ్ళ నోళ్ళు కట్టేశాడు. ఉంగరాలు మార్చేటప్పుడు వేలెత్తుతాను, అప్పుడు గట్టిమేళం వాయించండి, అప్పటిదాకా చప్పుడు చేయొద్దు అన్నాడు. పాపం, డోలు అతను కర్ర పట్టుకునే ఉన్నాడు. వాళ్ళందరి కళ్ళూ ఎత్తబోయే వేలి కోసం వెతుకుతున్నాయి.

ముస్తాక్ మాత్రం పియానో దగ్గర ఉన్న కొత్తవాడు బాబీ వేళ్ళనే చూస్తున్నాడు. అబ్రహాము చోటులో కూర్చున్నవాడి మీద కాక ఇంకెవరి మీద అనుమానపడతాడు?

నీలం పట్టుచీరలో భానుశ్రీ మైక్ పట్టుకుని స్టేజీ దిగింది. ముందు వరసలో తిరుపతిరావు గారి టేబుల్ దగ్గర ఆగి, కూనిరాగం మొదలుపెట్టింది. ఫోన్ ఆయన కంచం పక్కనే ఉంది.

మొదటి స్వరం. రెండోది. మూడోది.

బాబీ వేళ్ళు కదలడం లేదు. ముందే ఊదితే మనిషి దొరకడని ముస్తాక్ ఇంతదాకా శాక్సోఫోన్ ఊదకుండా ఊరికే పట్టుకున్నాడు. ఇప్పుడు రీడ్ నోట పెట్టి ఊదాడు. ఉత్త గాలి వచ్చింది, రీడ్ ఎవరో చీల్చేశారు. పొద్దున "నేను తుడిచి పెట్టానండీ" అని నవ్వుతూ శాక్సోఫోన్ ఇచ్చింది భానుశ్రీయే. అబ్రహాము చనిపోయిన రోజు ఎక్కడుంటాడో తెలిసిందీ ఈవిడకే.

నాలుగోది. మధ్యలో ఆరు టేబుళ్ళు. దూకినా అందదు. ఐదోది. భానుశ్రీ అతని వైపు చూసి నవ్వింది.

అప్పుడు మూలనున్న అంకయ్య కళ్ళు కనిపించాయి. ముస్తాక్ కుడిచేతి చూపుడువేలు పైకెత్తి, పెళ్ళిపెద్దలా గబగబా ఊపాడు.

మేళగాళ్ళు చూసేది వేలునే, అది ఎవరిదని చూడరు. రెండు గంటలుగా బిగబట్టుకున్న ఊపిరంతా సన్నాయిలోకి వెళ్ళింది, డోలు విరుచుకుపడింది. ఆరో స్వరం సగంలో మునిగిపోయింది. ఏడోది భానుశ్రీ పెదవుల మీద కనిపించింది, అంతే. ఎనిమిదోది ఫోన్ వినలేదు, ఎవరూ వినలేదు. గట్టిమేళం వినగానే జనం అలవాటుగా లేచి అక్షింతలు విసిరారు. సగం భానుశ్రీ తల మీద పడ్డాయి.

ఆమె చెయ్యి కొప్పులోని పిన్ను వైపు వెళ్ళింది. పెరుగు వడ్డిస్తున్న ముసలామె ఆ చేతిని మెలిపెట్టి పట్టుకుంది. వడ్డించే ఏప్రాన్‌లో రామతులసిని అసలు ఎవరూ గుర్తుపట్టలేరు.

ముస్తాక్ టేబుళ్ళు తోసుకుంటూ వచ్చాడు. "ఉలవచారు చల్లారింది మేడమ్," అని, భానుశ్రీ వైపు తిరిగాడు. "నీకు పాట నేర్పింది అబ్రహామేగా. విరగ్గొట్టడానికి వాడి వేళ్ళే దొరికాయా నీకు?"

కొట్టాలని అతని చెయ్యి లేచింది. బలవంతాన దించుకున్నాడు.

ఉంగరాలింకా మార్చనే లేదని పంతులు గారు లబలబలాడుతున్నారు. క్లాసంతా పాడుచేశారని హర్షవర్ధన్ అరుస్తున్నాడు. తిరుపతిరావు గారు మాత్రం ఏమీ తెలియక రెండోసారి పెరుగు అడిగారు.

కారులో రామతులసి రిపోర్టు తెరిచింది. "ఏ గాడ్జెట్ వాడావు?"

"ముందు అబ్రహాము కాలు జారాడని రాసింది కొట్టేయండి."

ఆమె ఆ లైను కొట్టేసేదాకా ఆగి, ముస్తాక్ చూపుడువేలు చూపించాడు. "ఇది. డిపార్ట్‌మెంట్ ఇచ్చింది కాదని కూడా రాయండి."