ముందు నడవాల్సిన దొరసాని

ఇంకాస్త ఇటు జరగండి. మంట వెచ్చదనం అందరికీ తగలాలి, కథ అందరికీ వినబడాలి.

ఇక్కడే, మన ఇంగ్లండు ష్రాప్‌షైర్‌లో, ఆర్మ్‌కోట్ హాల్ అనే భవంతిలో ముత్యాల హారం పోయింది. మంగళవారం మధ్యాహ్నం.

అప్పటికి పెద్ద ప్రభువు పోయి ఏడాది. బిరుదూ భవంతీ తమ్ముడికి వెళ్ళాయి. హారం తమ్ముడి భార్య లేడీ సిబిల్ మెడకెక్కింది. పెద్దాయన వితంతువు లేడీ హానోరాకు తోట చివరి ఇల్లు మిగిలింది. బతికున్నంతకాలం ఆమెదే. మళ్ళీ పెళ్ళాడిందా, ఇల్లూ పోతుంది, దొరసాని అన్న పేరూ పోతుంది.

అనుమానం టిల్లీ మీద పడింది. లేడీ హానోరా పనిమనిషి. ఆ పూట ఎక్కడుందో ఎవరూ చూడలేదు.

ఇన్‌స్పెక్టర్ ప్రాసర్ అడిగాడు.

"మధ్యాహ్నం ఎక్కడున్నావ్?"

"చెప్పలేనండీ."

"చెప్పలేవా? చెప్పవా?"

"రెండూనండీ."

"లాకప్‌లో చలెక్కువ, తెలుసా?"

"మా అటక గదికంటేనా అండీ?"

నవ్వుతూనే శాలువా బిగించి కప్పుకుంది.

ప్రాసర్ లేడీ హానోరా దగ్గరికి వెళ్ళాడు.

"టిల్లీ మీతో ఉందా అమ్మా?"

"తలనొప్పిగా ఉంటే పడుకున్నాను. నాకు తెలీదు."

ఆమె అతని మొహం చూడలేదు. ప్రాసర్ టిల్లీని స్టేషన్‌కు పంపించాడు. మనసొప్పకుండానే.

ఆ సాయంత్రం హాల్లో విందు. ప్రాసర్ నడవాలో నిలబడ్డాడు. భోజనాల గదిలోకి అంతస్తు ప్రకారం నడవాలి. పెద్ద ప్రభువు వితంతువు ముందు, చిన్న ప్రభువు భార్య వెనక. ఏడాదిగా లేడీ సిబిల్ పళ్ళు కొరుక్కుంటూ వెనకే నడిచింది.

ఆ రోజు లేడీ హానోరా పక్కకు తప్పుకుంది. వెళ్ళి డాక్టరుగారి భార్య వెనక నిలబడింది.

"పాపం, ఇంకా దుఃఖంలోనే ఉంది," అన్నారు అందరూ.

లేడీ సిబిల్ ఆగి చూడలేదు. తిన్నగా ముందు నడిచింది.

ప్రాసర్ వెంటనే టిల్లీని రప్పించాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. విందు ముగియగానే ఇంటివాళ్ళను పిలిచాడు.

"లేడీ హానోరా, అబద్ధమైతే ఆడారు గానీ, మీది కాని చోట నడవలేకపోయారు. ఇవాళ మధ్యాహ్నం పెళ్ళి చేసుకున్నారు కదూ?"

ఆమె తల వాలిపోయింది. "పశువుల డాక్టరు ఏమస్‌ని. టిల్లీ సాక్షి. చర్చిలో నా పక్కనే ఉంది."

"మరి హారమో?" అన్నాడు చిన్న ప్రభువు.

"మీ భార్యనడగండి. ఏడాదిగా వెనక నడిచిన మనిషి, ముందు దారి ఖాళీ అయితే ఒక్క క్షణమైనా ఆగాలి. ఆగలేదు. పెళ్ళి సంగతి ఆవిడకు ముందే తెలుసు. అది పోలీసుల నోట బయటికి రావాలి. పోలీసులు వచ్చి ఎవరెక్కడున్నారో ఆరా తీయాలంటే దొంగతనం జరగాలి."

"నేనే బయటపెట్టి, తోటికోడలి మీద నిఘా పెట్టానని ఊరంతా అనుకోవాలా?" అంది లేడీ సిబిల్. అనేశాక నాలిక కరుచుకుంది. హారం ఆమె టోపీల పెట్టెలోనే దొరికింది.

లేడీ హానోరా టిల్లీ వైపు తిరిగింది.

"ఇల్లు పోతుందని భయపడ్డానే."

"తెలుసమ్మగారూ. అందుకేగా నోరిప్పలేదు. కానీ నన్ను తీసుకెళ్తుంటే మీరు కిటికీ దగ్గరే ఉన్నారు. చూసి, తెర లాగేశారు."

టిల్లీ కూర్చునే ఉంది. లేడీ హానోరా నిలబడే ఉంది. ఆమెను కూర్చోమని ఎవరూ అనలేదు. అడిగే మొహం ఆమెకూ లేదు.

హారం సంగతి మరిచిపోయినా ఫర్వాలేదు తల్లులారా. ఆ తెర సంగతి గుర్తుంచుకోండి. మీ పిల్లలకు చెప్పేటప్పుడు టిల్లీ పేరు మాత్రం మార్చకండి.