చేప నాన్నని తింటుందట

మాస్టారు ప్రశ్న పూర్తిచేయకముందే టేబుల్ కిందనుంచి జవాబు వచ్చింది.

"నెకో గ సకానా ఓ తబెమాస్!"

పిల్లి చేపని తింటుంది. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. మాస్టారు వంగి చూశారు. అక్కడ గువ్వ బోర్లా పడుకుని ఏనుగు బొమ్మకి ఊదారంగు వేసుకుంటోంది.

"నీకెవరు నేర్పారమ్మా?"

"మీరే కదా మాస్టారూ! అక్కకి చెప్తుంటే విన్నాను."

మిరపకి ఒళ్లు మండింది. అది ఆమె అసలు పేరు కాదు. ఊరికే కోపం తెచ్చుకుంటుందని నాన్న అలా పిలుస్తాడు. ఈ జపనీస్ ట్యూషన్ కావాలని అడిగింది తను. బాబాయి పెళ్లి చేసుకోబోయే అమ్మాయిది జపాన్. ఆదివారం వీడియో కాల్‌లో ఆ కొత్త పిన్నితో ఆవిడ భాషలో మాట్లాడాలని తను ఎంత ఆశపడిందో! మధ్యలో ఇదెవరు?

"అర్థం తెలీకుండా అప్పజెప్తోంది మాస్టారూ, అంతే" అంది మిరప.

"నాకు తెలుసు!" గువ్వ తల బయటికి పెట్టింది. "తినేవాళ్ల పక్కన 'గ'. 'ఓ' అంటే మన 'ని'. చేప... ని!"

"శెభాష్! మనలాగే వాళ్లకీ క్రియ చివర్నే వస్తుంది. ఎంత చక్కగా పట్టేసిందో చూడు" అన్నారు మాస్టారు.

వంటగదిలోంచి నాన్న గొంతు వినిపించింది. "అయితే ఆదివారం మొదట గువ్వే మాట్లాడాలి!"

మిరప చేతిలో పెన్సిల్ మొన పుటుక్కున విరిగింది.

శనివారం మధ్యాహ్నం మిరప ఉతికిన బట్టలు మడతపెడుతుంటే గువ్వ వచ్చి పక్కన కూర్చుంది.

"అక్కా, పిన్నికి 'నాన్న చేపని తింటాడు' అని చెప్తా. నాన్నని ఏమంటారు?"

"చిచి."

"ఛీఛీనా!" గువ్వ బట్టల మీద పడి దొర్లి దొర్లి నవ్వింది. తర్వాత లేచి కూర్చుంది. "మరి మనుషులకి కూడా పిల్లికి పెట్టినట్టే 'గ' పెట్టాలా?"

మిరప చేతులు ఒక్క క్షణం ఆగాయి.

"కాదు. మనుషులకైతే తిరగేసి చెప్పాలి. చిచి ఓ సకానా గ తబెమాస్."

"అబ్బ! నీకెన్ని తెలుసో అక్కా!"

మిరప అప్పుడే మడతపెట్టిన తువ్వాలుని మళ్లీ విప్పి మడతపెట్టింది. చెల్లెలి వైపు చూడలేదు.

ఆదివారం అమ్మ ఫోన్‌ని డబ్బాకి ఆనించి నిలబెట్టింది. తెరమీద బాబాయి, పక్కన కొత్త పిన్ని. గువ్వ కుర్చీ ఎక్కి, గొంతు సవరించుకుని, గట్టిగా చెప్పేసింది.

పిన్ని కళ్లు పెద్దవి చేసింది. బాబాయి పడీ పడీ నవ్వాడు.

"అన్నయ్యా, జాగ్రత్త! చేప నిన్ను తింటుందట!"

నాన్న నవ్వాడు. అమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. గువ్వ అందరి మొహాలూ చూసింది. పెదవి వణికింది. కుర్చీ దిగి టేబుల్ కిందికి దూరిపోయింది.

"అక్క సరిగ్గానే చెప్పింది. నేనే మర్చిపోయుంటాను" అని లోపలినుంచి సన్నగా వినిపించింది.

మిరప అనుకున్నదే జరిగింది. కానీ ఆమెకి ఒక్కరవ్వ కూడా సంతోషం కలగలేదు.

"మిరపా, ఇక నీ వంతు" అన్నాడు నాన్న.

మిరప ఫోన్ దగ్గరికి వెళ్లకుండా టేబుల్ పక్కన మోకాళ్లమీద కూర్చుంది.

"గువ్వా, నువ్వేం మర్చిపోలేదు. మనుషులకి వేరే రూలేం లేదు. నేనే కావాలని తప్పు చెప్పాను."

గదిలో నవ్వులు ఆగిపోయాయి. అమ్మ ఏదో అనబోతే నాన్న వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఎందుకక్కా?"

"మాస్టారు నిన్ను మెచ్చుకున్నారు కదా. నాకు కుళ్లొచ్చింది." ఆ మాట అనేసరికి మిరప చెవులు వేడెక్కాయి. "సారీ. 'చిచి గ సకానా ఓ' అనాలి. ఇది నిజం."

గువ్వ మోకాళ్లలో తల దూర్చుకుంది. "ఇది కూడా అబద్ధమేమో. నేను అనను. మళ్లీ నవ్వుతారు."

మిరప టేబుల్ కిందికి ఇంకాస్త వంగింది. నిన్నటిదాకా తను ఏం చెప్పినా నమ్మే చెల్లెలు!

"సరే, ముందు నేను అంటాను. తప్పయితే నన్ను చూసి నవ్వుతారు. నువ్వు చూస్తూ ఉండు."

ఆమె లేచింది. పిన్నికి చెప్పాలని వారమంతా సాధన చేసిన పెద్ద వాక్యాలు నాలుక చివర్నే ఉన్నాయి. వాటిని మింగేసింది.

"చిచి గ సకానా ఓ తబెమాస్."

పిన్ని చిరునవ్వుతో తల ఊపింది. ఎవరూ నవ్వలేదు.

టేబుల్ కిందనుంచి ముందు రెండు కళ్లు, తర్వాత ఊదారంగు అంటిన చెయ్యి బయటికొచ్చాయి. గువ్వ నెమ్మదిగా కుర్చీ ఎక్కింది.

కొత్త పిన్ని వినడానికి ముందుకి వంగింది. మిరప కుర్చీని ఫోన్‌కి దగ్గరగా జరిపి, తను తెరమీద కనపడనంత దూరంగా తప్పుకుంది.