దారం తెంపిన చోట

కుట్టుమిషను చప్పుడుతోనే ఆ ఇల్లు మేలుకొంది. తల్లి చొక్కాలకు కాలర్లు కుడుతోంది. బస్సు డ్రైవరైన తండ్రి యూనిఫాం గుండీలు పెట్టుకుంటున్నాడు. వసపిట్ట అని ఇద్దరూ ముద్దుగా పిలుచుకునే పదేళ్ల కూతురు, గడప మీద కూర్చుని మౌనంగా బూట్లు తొడుక్కుంటోంది.

“సోమవారం నుంచి దీన్ని హాస్టల్లో వేస్తున్నా. మాట్లాడేశాను,” అన్నాడు తండ్రి.

“చిన్నపిల్లండీ!”

“ఇంట్లో గడగడా చదివేది బళ్లో నోరు విప్పదట. పుస్తకమిస్తే తల దించుకుంటుందట. పొగరు కాకపోతే ఏమిటి? అంతా నీ గారాబం!”

“ఏదీ, నిన్నటి నది పాఠం నాన్నకు చదివి వినిపించమ్మా. ఆయనే మాట వెనక్కి తీసుకుంటారు.”

పిల్ల పుస్తకం తెరిచింది. వేలు వరుసల మీద నడిచింది, గొంతు నీటిలా సాగింది. తప్పు లేదు, తడబాటు లేదు. తల్లి మురిసిపోతుండగా, ఒక వాక్యం నడుమ పిల్ల అకారణంగా ఆగింది. మళ్లీ సాగింది. మళ్లీ ఆగింది. ఆ విరామాలను తల్లి గుర్తుపట్టింది. అవి తనవే. నిన్న సాయంత్రం కుడుతూ పాఠం చదివి వినిపించేటప్పుడు, పంటితో దారం తెంపడానికి తాను ఆగిన చోట్లే అవి.

లేచి వచ్చి పుస్తకంలోకి చూసింది. అక్కడ నది లేదు. ఎడారి పాఠం ఉంది.

“ఎన్నాళ్లుగా ఈ నాటకం?” తండ్రి గొంతు లేచింది.

“నాటకం కాదు నాన్నా. ఒక అక్షరం పోల్చుకునేలోగా ముందుది మరిచిపోతాను. ఈ వరుసలో ఉన్నాననుకుంటే కింది వరుసలో ఉంటాను. అందరికీ వస్తుంది, నాకే రాదు.”

“మరి చెప్పవేమ్మా?” అంది తల్లి.

“బళ్లో ఎలాగూ మొద్దునే. ఇంట్లో కూడా మొద్దునైపోతానని.”

తండ్రి ఆ ఉదయం డ్యూటీకి పోలేదు. ముగ్గురూ గంట కొట్టకముందే బడికి చేరారు. టీచరమ్మ అంతా వింది.

“ఇది పొగరూ కాదు, మొద్దుతనమూ కాదండీ. డిస్‌లెక్సియా కావచ్చు. కొందరు పిల్లలు విన్నది ఇట్టే పట్టేస్తారు, అచ్చులో చూస్తే చిక్కుపడతారు. నేనే గమనించాల్సింది. నిపుణులకు చూపిద్దాం. ఒక్కో అక్షరానికి దాని శబ్దం జోడించి ఓపిగ్గా నేర్పితే, తప్పకుండా చదువుతుంది.”

ఈలోగా పిల్ల తన చోటికి వెళ్లి కూర్చుంది. తరగతి గది చివర, గోడ వారన, విడిగా ఉన్న బల్ల అది. మిగతా బల్లల మీద సంచులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. ఈ బల్ల మీద ఒక్కటే సంచి. ఇల్లంతా గలగలలాడించే గొంతు ఇన్నాళ్లూ ఈ మూలలో ఎవరికీ వినపడకుండా కూర్చుందా అనుకున్నాడు తండ్రి. వెళ్లి ఆ బల్ల పక్కన నిలబడ్డాడు.

“కాస్త జరగవే.”

“ఇక్కడెవరూ కూర్చోరు నాన్నా.”

మోకాళ్లు పట్టని ఆ చోట అతడు ఎలాగో ఇరుక్కున్నాడు. “హాస్టలూ లేదు, గీస్టలూ లేదు,” అన్నాడు. “తెలియక తిట్టానే, తల్లీ.”

పిల్ల తండ్రి చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

గంట మోగింది. పిల్లలంతా తోసుకుంటూ లోపలికి వచ్చారు, వింతగా చూశారు. అతడు లేవలేదు.